జానయ్య ఉత్తరం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక, కోచింగ్ సెంటర్ల సందులో నాకో డీటీపీ షాపు ఉంది. ఇరవై రెండేళ్లుగా జనం రాతలోని తప్పులు దిద్దుతున్నాను. పెళ్లి పత్రికలు, కిరాయి అగ్రిమెంట్లు, పెద్దకర్మ కార్డులు, అన్నీ నా చేతుల మీదుగానే వెళ్లాయి. తెనాలి నుంచి వచ్చిన శేషారత్నానికి నోరు పెద్దదని ఈ సందులో పేరు. పెద్దదే మరి. నోరు లేకపోతే ఈ పోటీలో నా షటరు ఎప్పుడో దించేసేవాళ్లు. ఆ నోరు మూతపడిన పన్నెండు రోజుల గురించి ఇప్పుడు చెబుతాను.

దశరథ గారు ఆరేళ్లుగా ప్రతి శుక్రవారం మూడు గంటలకు నా షాపుకు వచ్చేవారు. సరూర్‌నగర్ చెరువు పక్క కాలనీలో ఇల్లు. భార్య కౌసల్య గారికి కొత్తపేటలో పోచంపల్లి చీరల షాపు ఉంది. "దశరథుడికి మిగతా ఇద్దరూ ఏరండీ?" అని నేను ఏడిపిస్తే, "ఒక్కామెతోనే అయితలేదు మేడం" అని నవ్వేవారు. పోచంపల్లిలో మగ్గం గుంట పక్కన పుట్టిన మనిషి. మగ్గం కూడు పెట్టక భివండీ మిల్లుకు వెళ్లారు, అక్కడి నుంచి బొంబాయి రేవుకు, రేవు నుంచి ఓడ మీదికి. పదహారేళ్లు డెక్కు మీద ఖలాసీ. తుప్పు గీకడం, రంగులు వేయడం, మోకులు లాగడం. సముద్రం మానేసి ఇంటికొచ్చాక రాయడం మొదలుపెట్టారు.

ఏం రాసేవారంటే, మనం రోజూ చూసి కూడా చూడనివి. మా పేటల వారపత్రికలో 'పాత కాగితం' అని ఆయన శీర్షిక. రాజుల గురించి ఆయనకు పట్టదు. సిటీ బస్సు పాత టికెట్టు ఒకటి దొరికితే దాన్ని పట్టుకుని ఎల్బీ నగర్ చౌరస్తా ఎప్పుడు ఎలా పెరిగిందో నాలుగు పేజీలు రాసేవారు. కొత్తపేట పండ్ల మార్కెట్ తరలిపోయినప్పుడు అందరూ ఫోటోలు తీసుకుంటుంటే, ఈయన హమాలీల తూకం చీటీలు ఏరుకొచ్చారు. "మనిషి మర్చిపోతడు, లేకుంటె అబద్ధం చెప్తడు. కాగితం చెప్పది. ముందుగాల తేదీ చూడాలె, ముద్ర చూడాలె." ఈ మాట ఆయన ఎన్ని వ్యాసాల్లో రాశారో నాకు లెక్క తెలుసు, టైపు చేసింది నేనే కాబట్టి.

ఓడ అలవాటు పోలేదు. నోటుబుక్కులో ప్రతి పేజీ పైన తేదీ, టైము, వాన ఉందా లేదా, గాలి ఎటు నుంచి వీస్తోంది అని రాసేవారు. దిల్‌సుఖ్‌నగర్‌లో గాలి బస్సుల వెనక నుంచి వీస్తుందండీ అని నేను అనేదాన్ని. ఇంగ్లీషు మాట వస్తే క్యాపిటల్ అక్షరాల్లో రాసేవారు, అదీ గీతలు మధ్యలో తెగ్గొట్టి. ఓడ మీద డ్రమ్ములకు రేకు అచ్చు పెట్టి పేర్లు కొట్టేవాళ్లట. రేకు అచ్చులో అక్షరం గీతలు ఒకదానికొకటి అంటవు. అదే చేతికి పట్టేసింది. ఆ రాతను నేను చీకట్లో కూడా గుర్తుపడతాను.

పోయిన వినాయక చవితి రోజుల్లో ఆయన పాఠకులకు ఒక మాట రాశారు. నల్లగొండ పల్లెల నుంచి ఎల్బీ నగర్ దిక్కు వచ్చి స్థిరపడినవాళ్లు ఇంట్లో ఉన్న పాత ఉత్తరాలు తెచ్చి నా షాపులో చూపించాలని, స్కాన్ చేసి వెంటనే తిరిగి ఇచ్చేస్తామని. జనం బాగానే వచ్చారు. నిమజ్జనం అయిన మూడో రోజు, శుక్రవారం రెండున్నరకు ఈరమ్మ వచ్చింది.

ఈరమ్మ మా వెనక సందులో ఆడపిల్లల హాస్టల్‌లో వంట చేస్తుంది. రెండు వందల మందికి. యాభై నాలుగేళ్లుంటాయి, కుంకుమ బొట్టు రూపాయి బిళ్లంత పెట్టుకుంటుంది. మొగుడు ఎక్కడో దేశాంతరం పోయాడని మాత్రమే నాకు తెలుసు. ఆ రోజు ప్లాస్టిక్ కవర్లోంచి ఒక విదేశీ ఉత్తరం తీసి రెండు చేతులతో అందించింది.

"మా ఆయన జానయ్య రాసింది మేడం. ఓడ మీద పనికి పోయిండు. తొంభై ఒకటిల. డర్బన్ అని ఊరట, గాడ ఓడ దిగి పారిపోయిండని కంపెనీ కాగితం పంపింది. గానీ గా కాగితం ఒచ్చేటప్పటికే గీ ఉత్తరం ఒచ్చింది. బళ్లె పంతులు ముద్ర చదివి సాంతోస్ అన్నడు. బ్రెజిల్‌ల ఉన్నదట. పారిపోయిన పదమూడు రోజులకు గాడ డబ్బల ఏసిండు. అంటే బతికే ఉన్నడు గద? గప్పుడు నేను కడుపుతోనున్న. ఆడపిల్ల పుడితే గా ఊరి పేరు కలిసేటట్టు సంతోషి అని పెట్టుకున్న."

ఉత్తరం నాలుగు లైన్లే. 'క్షేమంగున్న. అలలు మస్తుగున్నయ్. కాంట్రాక్టు అయినంక ఒస్త. బరువులు మొయ్యకు.' తేదీ వేయలేదు.

"ఇప్పుడెందుకు ఈరమ్మా?" అన్నాను.

"మొన్న నా బిడ్డ అంటది, అమ్మా, ముప్పై మూడేండ్లయింది, ఇగ రాడు, పెత్రమాసకు నాన్న పేరు మీద బియ్యం ఇస్త అని. సచ్చినోళ్లకు ఇచ్చే బియ్యం బతికున్నోనికి ఇస్తరా మేడం? ఆయుష్షు తక్కువ కాదా? సారు ఓడల తిరిగినోడు, ముద్ర అబద్ధం చెప్పదని రాసిండు. గీ ముద్ర చూసి పేపర్ల రాస్తే అది నమ్ముతది."

పెత్రమాసకు ఇంకా పన్నెండు రోజులుంది. పోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చే రోజు. సరేలే అని కవరు స్కానర్ మీద బోర్లించాను. తెర మీద బొమ్మ పెద్దదిగా వచ్చింది. ఊరు, తాలూకా, జిల్లా జానయ్య చేత్తో తెలుగులో రాసి ఉన్నాయి. వాటి కింద వేరే సిరాతో, క్యాపిటల్ అక్షరాల్లో, ఇంగ్లీషులో ఇండియా అని ఉంది. ఐదు అక్షరాలు. ఒక్క గీత కూడా పక్క గీతను అంటలేదు.

నేను బొమ్మను ఇంకా పెద్దది చేశాను. అంతలో గుమ్మంలో చెప్పుల చప్పుడు. గంట కొట్టినట్టు మూడింటికి దశరథ గారు వచ్చారు.

ఆయన ముందు ఈరమ్మను చూసి నవ్వారు. తర్వాత తెరను చూశారు. నవ్వు అలాగే ఉండిపోయింది, మొహం మాత్రం తెల్లబడింది. ఈరమ్మ మళ్లీ మొదటి నుంచి చెప్పింది, మొగుడి పేరు, కూతురి పేరు, అన్నీ. సంతోషి అన్న పేరు దగ్గర ఆయన టేబుల్ అంచు పట్టుకున్నారు.

"ముద్ర సక్కగ కనవడ్తలేదమ్మా," అన్నారు. "జర టైమియ్యి."

"తీస్కోండ్రి సారు. పెత్రమాస లోపల చెప్తే చాలు."

ఆమె కవరు తీసుకుని వెళ్లిపోయింది. ఆయన కూడా వెంటనే వెళ్లారు. నోటుబుక్కు నా టేబుల్ మీదే ఉండిపోయింది. నేను పేజీలు తిప్పి ఇంగ్లీషు మాటలన్నీ తెర మీది ఐదు అక్షరాల పక్కన పెట్టి చూశాను. అనుమానానికి చోటే లేదు. రాత పట్టుకున్నందుకు సంతోషించాల్సింది పోయి షటరు సగం దించుకుని కూర్చున్నాను. ఈ మనిషి జానయ్యను ఏం చేశాడు? ఆరేళ్లుగా నా ఎదురు కుర్చీలో కూర్చుని టీ తాగినవాడు ఎవడు?

అడుగుదామని ఫోన్ చేశాను. తియ్యలేదు. తియ్యనందుకు ఊపిరి పీల్చుకున్నాను, అదీ నా ధైర్యం. రోజూ రెండున్నరకు ఈరమ్మ గుమ్మంలో నిలబడి "సారు ఏమన్న చెప్పిండా?" అని అడిగేది. లేదని తల ఊపేదాన్ని. ఆమె బొట్టు వైపు చూడకుండా కీబోర్డు తుడిచేదాన్ని. తెర మీది ఆ బొమ్మను రెండుసార్లు చెరిపేద్దామనుకున్నాను.

తర్వాతి శుక్రవారం ఆయన రాలేదు. ఆదివారం కౌసల్య గారు వచ్చారు. "మేడం, మీతోని ఏమన్న లడాయి అయిందా? అన్నం ముడ్తలేడు. చెరువు దిక్కు కిటికీలన్నీ మూసిండు. పొద్దుగాల పోయి ఎల్బీ నగర్ల నల్లగొండ బస్సులు ఆగే తాన కూసుంటడు, మాపటికి ఒస్తడు. బస్సు ఎక్కడు. ఏందని అడిగితే బుగులైతుంది అంటడు. పదహారేండ్లు సముద్రం మీద ఉన్న మనిషికి బుగులేంది?"

ఆ భయమేమిటో అడుగుదామని సోమవారం నేనే వెళ్లాను. ఎల్బీ నగర్‌లో ఫ్లైఓవర్ నీడన, జనం తోసుకుంటున్న చోట, సిమెంట్ దిమ్మ మీద కూర్చుని ఉన్నారు. గడ్డం పెరిగింది. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నారు.

"కవరు మీద రాత మీదేనండీ," అన్నాను.

ఆయన పక్కకు జరిగి నాకు చోటిచ్చారు. "ఓడల ఇరవై ఇద్దరం. తెలుగు మాట్లాడేటోళ్లం ఇద్దరమే, నేను, జానయ్య. తమ్మీ అనేటోడు నన్ను. ఓడల ఒక పద్ధతుంటది మేడం. ఉత్తరం రాసినోడు, ముందుగాల ఒడ్డుకు దిగేటోని చేతుల పెడ్తడు. చేతుల పెట్టిన ఉత్తరం డబ్బల ఏయకుంట ఉండొద్దు. డర్బన్‌ల నాకిచ్చిండు. గాడ నాకు దిగనీకి కుదరలే, సాంతోస్‌ల ఏస్తనన్న."

డర్బన్ వదిలిన మర్నాడు, జూలై ఇరవయ్యో తారీఖు సాయంత్రం నాలుగింటికి డెక్కు మీద సరుకుగా వేసిన కలప దుంగలకు కట్టిన గొలుసులు వదులయ్యాయి. మనిషి నిలబడలేని గాలి. బిగించి రమ్మని కెప్టెన్ ఇద్దరిని పంపాడు. జానయ్య అంచు వైపు, ఈయన లోపలి వైపు. ఒక అల వచ్చి వెళ్లింది. అది వెళ్లాక ఈయన ఒక్కరే ఉన్నారు.

"నీళ్లల్ల తేలే రింగు ఇసిరినం. ఒర్రినం. కెప్టెన్ ఓడ మల్పలే. పాత ఇంజను, గాలికి అడ్డం తిప్పితే అందరం పోతమన్నడు. నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెల్వదు. మల్పలేదని తెలిస్తే ఆయన సర్టిఫికేట్ పోతది. అందుకని జానయ్య డర్బన్‌లనే దిగి పారిపోయిండని రాసిండు. చూసినోళ్లం నలుగురం. నలుగురం సంతకం పెట్టినం. నా ఓడ పుస్తకం ఆయన సొరుగుల ఉండె, అది లేకుంటె ఇంకో ఓడల పని దొరకది. బుగులైంది, పెట్టిన."

"ఉత్తరం ఎందుకు వేశారండీ మరి?"

"సాంతోస్‌ల దిగినంక జేబుల చెయ్యి పెడ్తే తగిలింది. చింపబుద్ధి కాలే. సచ్చినోని ఆఖరి మాట మేడం, ఇంటికి చేరాలె అనుకున్న. దేశం పేరు రాయలేదని నేనే రాసి ఏసిన. ముద్ర మీద తేదీ పడ్తదని, ఆ తేదీ చూసి ఒక ఆడామె ఇన్నేండ్లు కూసుంటదని తోచలే. తోచినంక, ఇదే జాగల ఎన్నిసార్లు బస్సు కోసం నిలవడ్డనో. ఊరికి పోయి చెప్దామని. ఎక్కలే."

కాగితం అబద్ధం చెప్పదని ఆయన అన్నిసార్లు ఎందుకు రాశారో నాకు అప్పుడు తెలిసింది. ఆయనకు నమ్మకం ఉండి రాయలేదు, తను సంతకం పెట్టిన అబద్ధాన్ని కప్పుకోవడానికి రాశారు. కోపం కూడా వచ్చింది, జాలి కూడా వచ్చింది, రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో నాకు చేతకాదు. "ఇప్పుడు భయం దేనికండీ? జైలుకా? జనానికా?"

"జైలు కాదు. సచ్చిండని చెప్తా. సంతకం పెట్టిన అని చెప్తా. చెప్పుతోని కొట్టినా పడ్త. గానీ ఆమె ఒక మాట అడుగుతది. అది అడుగుతదనే నా బుగులు."

"ఏం మాట?"

చెప్పలేదు. నేను గట్టిగా చెప్పాను, నాకు తోచిన నీతి అదే. "తలకు దుంగ తగిలింది, అప్పటికప్పుడే ప్రాణం పోయింది అనండి. ఏమీ తెలియకుండా పోయాడనండి. పోయినవాడు ఎలాగూ పోయాడు, ఉన్నదాన్ని ఎందుకు చంపడం?" ఆయన తల ఊపారు. "గట్లనే చెప్తా మేడం. రేపు మీ షాపుల చెప్తా. మీరుండాలె."

మర్నాడు మంగళవారం, పెత్రమాస ముందు రోజు. రెండున్నరకు ఈరమ్మ వచ్చింది. దశరథ గారు అప్పటికే గోడవారగా నిలబడి ఉన్నారు. కూర్చోమంటే కూర్చోలేదు. నేను షటరు సగం దించాను. ఆయన మొదలుపెట్టారు. గొలుసులు, అల, రింగు, సంతకం, ఉత్తరం. మధ్యలో ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆయనకు తెలుసు.

ఈరమ్మ కదలకుండా విన్నది. అయిపోయాక కవరు తీసి ముద్ర మీద వేలు పెట్టింది. "మరి గిది?"

"నేనేసిన, వదినె."

"వదినె అనకు."

ఆయన నా టేబుల్ మీది కాగితం లాక్కుని ఐదు అక్షరాలు రాసి ఆమె ముందు పెట్టారు. ఆమెకు ఇంగ్లీషు రాదు. కవరును ఆ కాగితం పక్కన ఆనించి, ఒక్కొక్క అక్షరం మీదా వేలితో తడుముతూ పోయింది. చివరి అక్షరం దాకా వచ్చి ఆగింది. ఆమె మొహంలో అప్పటిదాకా ఉన్నది ఏదో పోయింది. నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు.

"దెబ్బ తాకిందా?" అంది.

నేను దశరథ గారి వైపు చూశాను. చెప్పండి అన్నట్టు కళ్లతోనే బతిమాలాను. తలకు దుంగ తగిలిందనండి, ఒక్క మాట చాలు.

"తాకలే," అన్నారాయన.

"మా ఆయన ఊర్ల అందరికంటే మంచిగ ఈదేటోడు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఈదిండా?"

ఆయన గోడను పట్టుకున్నారు. ఆ ప్రశ్న ఏమిటో నాకప్పుడు అర్థమైంది. వినకుండా బయటికి పరుగెత్తాలనిపించింది.

"ఈదిండు."

"ఎంతసేపు?"

"కనవడ్డంతసేపు ఈదిండు. మస్తుసేపు కనవడ్డడు."

"ఏ దిక్కు?"

"మా దిక్కే. ఓడ దిక్కే ఈదిండు."

బయట సందులో పిల్లలు క్లాసు వదిలి కేకలేసుకుంటూ పోతున్నారు. ఈరమ్మ ఉత్తరాన్ని మడత చెడకుండా కవర్లో పెట్టి, దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టింది.

"పారిపోయినోని పెండ్లం అన్నరు నన్ను. మా అత్త సచ్చేదాక అన్నది. నా బిడ్డ పెండ్లిల కూడ అన్నరు. గాడ ఎవతినో ఉంచుకున్నడు అని నేను కూడ అనుకున్న, తిట్టుకున్న." ఆయన వైపు తిరిగింది. "ఆయన పారిపోలే. మీరు పారిపోయిండ్రు."

దశరథ గారు అవునన్నట్టు తల దించుకున్నారు.

"రేపు బియ్యం నువ్వియ్యి. నేనియ్య, నా బిడ్డ ఇయ్యది. బతికిండని ముప్పై మూడేండ్లు నేను మోసిన. సచ్చిండని నువ్వు మొయ్యి. అందర్ల చెప్పి ఇయ్యి."

పిల్లలకు చాయ్ పెట్టే టైమైందని వెళ్లిపోయింది. ఆయన నేల మీద కూలబడ్డారు. మంచినీళ్లు ఇస్తే తాగకుండా గ్లాసు పక్కన పెట్టేశారు. చెప్పేస్తే భయం పోతుందని పెద్దలంటారు. నేను చూసినంతవరకు పోలేదు. ఆ సాయంత్రం ఆయనను ఆటోలో ఇంటికి పంపాక కౌసల్య గారికి ఫోన్ చేసి, ఒక్కరినే వదలొద్దని చెప్పాను.

పెత్రమాస పొద్దున సరూర్‌నగర్‌లో గుడి ముందు వరుస రోడ్డు దాకా ఉంది. ఆడవాళ్లు సాయంత్రం బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు బేరమాడుతున్నారు. దశరథ గారు చాటలో బియ్యం, పప్పు, గుమ్మడికాయ ముక్క, కూరగాయలు పెట్టుకుని నిలబడ్డారు. పక్కన కౌసల్య గారు, వెనక నేను. ఈరమ్మ, సంతోషి గుడి గోడ దగ్గర దూరంగా ఉన్నారు. ఈరమ్మ నుదుట బొట్టు అలాగే ఉంది. సంతోషికి తల్లి ఇంకా ఏమీ చెప్పినట్టు లేదు. ఎవరి కోసం వచ్చామో తెలియక అటూ ఇటూ చూస్తోంది.

మా వంతు వచ్చింది. అయ్యగారు తల ఎత్తకుండానే పేరడిగారు.

"జానయ్య."

"నీకేమైతడు?"

దశరథ గారు వెనక్కి తిరిగి ఈరమ్మ వైపు చూశారు. ఆమె చూపు తిప్పుకోలేదు, సాయమూ చేయలేదు. చాట ఒరిగి బియ్యం గింజలు రాలుతున్నాయి. వరుసలో వెనకవాళ్లు తొందరపెడుతున్నారు.

"నాతోని ఓడల పనిచేసిండు," అన్నారు. "తొంభై ఒకటి, జూలై ఇరవై. నీళ్లల్ల పడ్డడు. మా దిక్కే ఈదుకుంట ఒచ్చిండు. మేం ఓడ మల్పలే."

అయ్యగారు తల ఎత్తారు. గోడ దగ్గర నుంచి ఈరమ్మ కూతురి చెయ్యి పట్టుకుని రెండడుగులు ముందుకు వచ్చింది.

"గట్టిగ చెప్పు," అంది. "నా బిడ్డకు వినవడలే."

దశరథ గారు సంతోషి వైపు తిరిగి, మళ్లీ మొదటి నుంచి చెప్పారు.